మోహనం ఒక్కటే చాలు, మూడు నెలలు

ప్రశ్న: నాకు 23 ఏళ్లు. అమలాపురంలో ఉంటాను. ఆరేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ నేర్చుకుంటున్నాను. గీతాలు, స్వరజతులు, వర్ణాలు అయ్యాయి, కృతులు ఓ పదిహేను వచ్చు. నా వయొలిన్ 5½ శృతిలో ఉంటుంది. శనివారం సాయంత్రాలు మా స్నేహితులు డాబా మీద చేరతారు. ఒకరు గిటార్, ఒకరు కీబోర్డ్, ఒకరు ధోలక్, ఇద్దరు ముగ్గురు పాడేవాళ్లు. సినిమా పాటలు, భజనలు, ఆ పూట ఏది తోస్తే అది. పాట మధ్యలో "నువ్వో రెండు ముక్కలు వాయించవే" అనగానే నా చెయ్యి బిగుసుకుపోతుంది. స్వరం రాసి ఉంటే ఎంతసేపైనా వాయిస్తాను, లేకపోతే ఒక్క ముక్క రాదు. మాస్టారు మనోధర్మం (అప్పటికప్పుడు సొంతంగా కల్పించి వాయించడం) ఇంకా మొదలుపెట్టలేదు. ఇంకా ఎన్ని రాగాలు నేర్చుకుంటే ఇది వస్తుంది? ఇలా సరదాగా వాయించడం వల్ల నేర్చుకున్నది పాడవుతుందా?
(ఒక పాఠకురాలు)

జవాబు: కొత్త రాగం ఒక్కటి కూడా అక్కర్లేదమ్మా. వచ్చినవాటిలో మోహనం (స రి గ ప ధ) పట్టుకుని, మూడు నెలల పాటు శనివారాలన్నీ దానితోనే గడపండి. ఐదు స్వరాలు మరీ తక్కువ అనిపిస్తే, మీ కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు నాలుగేసి స్వరాలతోనే మహతి, లవంగి రాగాలు కల్పించారని గుర్తుచేసుకోండి. ఆరేళ్ల సాధనలో మీ వేళ్లకు స్వరస్థానాలు వచ్చేశాయి. ఇక రావలసినవి మూడు. చెవిన పడ్డది వెంటనే చేతిలోకి రావాలి, ఏ స్వరం మీద నిలవాలో తెలియాలి, ఎప్పుడు ఆపాలో తెలియాలి. ఒంటరిగా గదిలో కూర్చుంటే ఇవి సగమే వస్తాయి. మిగతా సగానికి పక్కన ఇంకొకరు వాయిస్తూ ఉండాలి. అందుకని ఆ శనివారాలు మానకండి.

పైగా మీ వాద్యానికి ఇది కొత్త పనేమీ కాదు. కచేరీలో వయొలిన్ విద్వాంసుడు చేసేది ఇదే కదా. గాయకుడి ఆలాపన వెంట నడుస్తారు, ఆయన ఆపగానే అదే రాగాన్ని తన చేత్తో చెబుతారు, స్వరకల్పనలో (అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో) జవాబులిస్తారు. ఎదురుగా పుస్తకం ఉండదు. మీరు డాబా మీద మొదట నేర్వవలసింది కూడా ఆ వెంట నడవడమే. సొంతంగా వాయించడం దాని తర్వాత.

అన్నిటికన్నా ముందు శృతి తేల్చుకోండి. మీరు 5½ అంటే గిటార్ వాయించేవారికి తెలియదు, వారు జీ అంటే మీకు తెలియదు. లెక్క ఇది: 1 శృతి సీ, 2 డీ, 3 ఈ, 4 ఎఫ్, 5 జీ, 6 ఏ, 7 బీ. అరలు వాటి షార్పులు; 3½, 7½ మాత్రం ఉండవు. మీ 5½ అంటే జీ షార్ప్. గిటార్ మీద జీ షార్ప్ కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) నేరుగా పట్టడం చేతికి శ్రమ. మొదటి ఫ్రెట్ మీద కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి ఉంచే బిగింపు) బిగించి జీ కార్డులే పట్టమనండి, మీ షడ్జమంతో (స) కలిసిపోతుంది. కీబోర్డ్ వారు శృతి మార్చే ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ 4కి పెట్టుకుంటే సీ నుంచి వాయించినా జీ షార్పే పలుకుతుంది. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ట్రాన్స్‌పోజ్ మార్చి, మళ్లీ వేళ్లు కూడా జీ షార్ప్ మీదే పెడతారు. అప్పుడు పలికేది ఈ. అందరూ తప్పు మీదేనని వయొలిన్ వైపు చూస్తారు. పాట ఎత్తుకోకముందే ఒక్క షడ్జమం అందరూ కలిపి పది సెకన్లు పట్టి చూసుకోండి.

ఎవరైనా హార్మోనియం తెస్తే దానికే అందరూ శృతి చేసుకోవాలి, ఎందుకంటే దాన్ని అక్కడికక్కడ సవరించలేం. పాత పెట్టెలు ట్యూనర్ యాప్ చూపే లెక్కకు కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. యాప్ మూసేసి చెవితో కలపండి. ఇంకో సంగతి: తంబురా మీద మీరు నిలిపే అంతర గాంధారం (మోహనంలోని గ) కన్నా కీబోర్డ్, హార్మోనియంల గాంధారం కాస్త హెచ్చు. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే, తేడా సుమారు 14 భాగాలు. పరుగులో తెలియదు. గాంధారం మీద నిలిచిపోతే మాత్రం రెండూ గీసుకుంటాయి. కీబోర్డ్ అదే స్వరం పట్టి ఉంచినప్పుడు వేలు వెంట్రుకవాసి ముందుకు జరపండి, లేదా గమకంతో (స్వరాన్ని ఊపుతూ) దాటించండి.

ఇంటి దగ్గర రోజుకు అరగంట చాలు. తంబురా యాప్ 5½లో పెట్టుకుని మొదటి ఐదు నిమిషాలు ఒక్క షడ్జమం మీదే వాయించండి. స్వరం మారదు, నడక మారాలి. పొడుగ్గా ఒకటి, పొట్టిగా మూడు, మధ్యలో ఖాళీ, మళ్లీ రెండు. మనవాళ్లు ఎక్కువమంది దీన్ని చిన్నచూపు చూస్తారు గాని, వినేవాళ్ల మనసు ముందు పట్టేది నడకే. స్వరాల ఎంపిక దాని తర్వాతే.

తర్వాతి పదిహేను నిమిషాలు స, రి, గ మూడిటితోనే. ఇక్కడ ఒక నియమం కచ్చితంగా పాటించండి: ముందు నోటితో పాడాలి, పాడిందే వాయించాలి. పాడకుండా కమాను ఎత్తకూడదు. ఎందుకంటే ఆరేళ్ల అలంకారాల వల్ల మీ వేళ్లకు సరిగ, రిగప, గపధ అని మెట్లు ఎక్కే అలవాటు పడి ఉంటుంది. వేళ్లను వదిలేస్తే అవి ఆ మెట్లే ఎక్కుతాయి, అది అభ్యాసం అప్పజెప్పినట్టుంటుంది. గొంతుకు ఆ అలవాటు తక్కువ. ఊపిరి ఆడే చోట ఆగుతుంది, నచ్చిన స్వరం దగ్గర మళ్లీ తిరుగుతుంది. గొంతు బాగా లేకపోయినా ఫర్వాలేదు. వారానికొక స్వరం చేర్చండి, పంచమం (ప) ముందు, ధైవతం (ధ) తర్వాత.

చివరి పది నిమిషాలు ప్రశ్న-జవాబు. ఆది తాళం (ఒక చుట్టు, అంటే ఆవర్తనం, ఎనిమిది దెబ్బలు), నిమిషానికి 80 దెబ్బలు, దెబ్బకు రెండు స్వరాలు. ఆవర్తనానికి 16 స్వరాల చోటు, 6 సెకన్లు. మొదటి ఆవర్తనం రిషభం (రి) మీదో పంచమం మీదో ముగించండి, ఇంకా ఏదో చెప్పాల్సి ఉన్నట్టుంటుంది. రెండో ఆవర్తనం అదే నడకతో మొదలై షడ్జమంలో ముగియాలి. పదహారూ నింపనక్కర్లేదు. ఎనిమిది స్వరాలు వాయించి మిగతా ఎనిమిది చోట్లు వదిలేసినా నిండుగానే ఉంటుంది.

ఇక శనివారం. మొదటి రెండు వారాలు సొంత ముక్క వాయించనని ముందే చెప్పేయండి. ఆ మాట అనేస్తే బిగుసుకుపోవడం సగం పోతుంది. ఆ రెండు వారాలూ షడ్జమ పంచమాలు పొడవాటి కమానుతో మెల్లగా పట్టి ఉంచండి. పాడేవారు ఒక పాదం ముగించి ఊపిరి తీసుకునే చోట, వారి చివరి మూడు నాలుగు స్వరాలు అచ్చంగా తిరిగి వాయించండి. అందులో ఒక్కటి కూడా మీ సొంతం కాకూడదు. ఆ ఖాళీ సాధారణంగా రెండు దెబ్బలే ఉంటుంది. అందులో మొదలుపెట్టి అందులోనే ముగించాలి. పాడేవారి మాట మొదలయ్యాక మీ కమాను తీగ మీద ఉండకూడదు. మూడో వారం అదే ముక్క చివరి స్వరం మార్చండి. నాలుగో వారం నడక మార్చండి. అయిదో వారానికి మీకు తెలియకుండానే కొత్త ముక్క ఒకటి వచ్చి ఉంటుంది.

సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) తప్పడం అందరికీ ఉన్న బాధే. స్వరం గురించి ఆలోచిస్తుంటే లెక్క జారిపోతుంది. బుర్రలో లెక్కపెట్టకండి, పాదంతో తాళం వేస్తూ ధోలక్ ఎడమచేతి వైపు మంద్ర నాదం వినండి. మన దగ్గర పాటల్లో ఎక్కువగా నడిచే కహర్వా ఎనిమిది మాత్రలు: ధా గె న తి, న క ధి న. మొదటి ధాలో మంద్రం బలంగా మోగుతుంది. అయిదో మాత్ర దగ్గర అది ఆగిపోయి కుడిచేతి మోతే మిగులుతుంది. ఆ ఖాళీ వినపడగానే మీరెక్కడున్నారో తెలుస్తుంది. మామూలు పాట వేగంలో మీ దెబ్బకు రెండు మాత్రలు పడతాయి కాబట్టి, మీ ఆది తాళం ఒక ఆవర్తనంలో ధోలక్ రెండుసార్లు తిరుగుతుంది. రెండింటిలో ఏది అసలు సమమో గిటార్ చెబుతుంది, పల్లవి కార్డు తిరిగి వచ్చేది అక్కడే. తప్పితే కంగారుగా వెతుక్కోకండి. షడ్జమం పట్టి నిలబడి, ఆ ధా వచ్చినప్పుడు మళ్లీ ఎక్కండి.

ఇప్పుడు కార్డుల సంగతి. కర్ణాటక పద్ధతిలో నేర్చుకున్నవాళ్లు ఇలా కలిసి వాయించే జామ్‌లో ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే తంబురా మీద షడ్జమం ఎప్పుడూ క్షేమమే, కార్డుల మీద అలా కాదు. మీ వాళ్లు జీ, ఈ మైనర్, సీ, డీ అని నాలుగు కార్డులు తిప్పుతున్నారనుకోండి. మీ భాషలో జీ అంటే స-గ-ప. ఈ మైనర్ అంటే ధ-స-గ. ఈ రెండింటిలో ఉన్నవన్నీ మోహనం స్వరాలే, ఎక్కడ నిలిచినా హాయిగా ఉంటుంది. సీ అంటే మ-ధ-స. అందులో మధ్యమం ఉంది, మోహనంలో లేదు. మీరు ఆ సమయంలో గాంధారం మీద నిలిస్తే పక్కనే శుద్ధ మధ్యమం మోగుతూ ఉంటుంది, చెవిలో ముల్లు గుచ్చినట్టుంటుంది. సీ మోగుతున్నప్పుడు షడ్జమం, ధైవతం మీద నిలవండి. డీ అంటే ప-ని-రి. కాకలి నిషాదం ఉంది. అప్పుడు షడ్జమం మీద నిలిస్తే దాని కింది నిషాదంతో రాపిడి. మీరేమో షడ్జమానికి చేరాను, ఇక తప్పుండదు అనుకుంటారు. డీ మీద పంచమం గాని రిషభం గాని పట్టండి. గిటార్ మళ్లీ జీకి తిరిగిన క్షణంలో షడ్జమం వేస్తే, ఆ ముగింపుకు వచ్చే నిండుదనం వేరు.

నిలిచే స్వరాలకే ఈ జాగ్రత్త. దారిలో దాటిపోయే స్వరం ఏ కార్డు మీదైనా ఇబ్బంది పెట్టదు. గిటార్ వారిని బతిమాలి ఓ పది నిమిషాలు జీ, డీ రెండే తిప్పమనండి. జీ మీద షడ్జమం, డీ మీద రిషభం. అంతే వాయించండి. తర్వాత సీ చేర్చమనండి. ఈ పది నిమిషాల పని చాలా నెలల అయోమయాన్ని తీరుస్తుంది. మనవాళ్లు దీనికి ఓపిక పట్టరు, పాట ఎత్తేస్తారు. పాట మొదలవకముందే, వాద్యాలు సర్దుకుంటున్నప్పుడే అడగండి.

సొంతంగా వాయించే వంతు వచ్చిందంటే రెండు ఆవర్తనాలకు మించకండి. నిదానమైన పాటలో అది 12 సెకన్లు. మొదటి ఆవర్తనం పాటలోని ముక్కతోనే ఎత్తుకోండి, వినేవారికి దారి తెలుస్తుంది. రెండోది దాన్ని కాస్త పెంచి ముగించండి. ముగింపు చేతకాకనే చాలామంది ఆపలేక సాగదీస్తారు. అందుకని ఒక్క ముక్తాయింపు సిద్ధంగా ఉంచుకోండి. సమం నుంచి ఎత్తి, దెబ్బకు రెండు స్వరాల చొప్పున: గపగరి , , గపగరి , , గపగరి, తర్వాతి సమం మీద స. నాలుగు, రెండు ఖాళీ, నాలుగు, రెండు ఖాళీ, నాలుగు: మొత్తం పదహారు. మూడోసారి గపగరి వినగానే ధోలక్ వారికి మీరు దిగుతున్నారని తెలిసిపోతుంది, వారూ మీతో సమానికి వస్తారు. ఆ స పడగానే కమాను పైకెత్తి పాడేవారి వైపు చూడండి. ఆ చూపు లేకపోతే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడమో, ఇద్దరూ ఆగిపోవడమో జరుగుతుంది. సినిమా పాటల మధ్య సంగీతం బట్టీ పట్టి దాన్నే సొంత ముక్కగా వాయించడం నాకు సమ్మతం కాదు. వేగం కాస్త మారినా, కార్డు ఒకటి మారినా అది మధ్యలో విరిగిపోతుంది, చేతిలో ఇంకోటి ఉండదు.

తప్పు స్వరం పడితే ఆగకండి. మోహనంలో లేనివి మధ్యమం, నిషాదం. మధ్యమం పడితే పక్కనే గాంధారమో పంచమమో, నిషాదం పడితే ధైవతమో షడ్జమమో ఉంటుంది. అటు జరిగిపోతే అదీ ఒక అలంకారంలా వినిపిస్తుంది. ఆగి ముఖం చిట్లిస్తేనే తప్పు అందరికీ తెలుస్తుంది. ఇంకో తప్పు వయొలిన్ వాళ్లకు ప్రత్యేకం. వేణువు వాళ్లకు ఊపిరి అయిపోతుంది, పాడేవాళ్లకూ అంతే, ఆగక తప్పదు. కమానుకు ఆ అవసరం లేదు, అలా గీస్తూనే పోవచ్చు. అందుకే ఆవర్తనం వాయిస్తే ఆవర్తనం మానాలన్న నియమం మొదటి రెండు నెలలు పెట్టుకోండి. గమకాలు మానక్కర్లేదు గాని, కీబోర్డ్ కూడా అదే వరుస వాయిస్తున్నప్పుడు కంపితాలు తగ్గించి సాదాగా పట్టండి. మీరొక్కరే వాయించేటప్పుడు మీ రిషభాన్ని, ధైవతాన్ని మీరు నేర్చుకున్నట్టే ఊపండి. డాబా మీద మీరు తప్ప ఇంకెవరూ ఇవ్వలేనిది అదే.

వినడానికి ఒక అభ్యాసం చెబుతాను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు, గిటార్ వాయించే జాన్ మెక్‌లాగ్లిన్, తబలా జాకిర్ హుస్సేన్ గార్లతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించారు. ఆ వాయింపులు ఒక అయిదు నిమిషాలు పెట్టుకుని, ముందు వాయిస్తున్నవారిని వదిలేసి, ఆ సమయంలో మిగిలినవాళ్లు ఏం చేస్తున్నారో మాత్రమే వినండి. ఎప్పుడు పూర్తిగా ఆగారు, ఎప్పుడు ఒక్క స్వరం వేశారు, ఏ ముక్కను అందుకుని తిరిగి ఇచ్చారు. మీ శనివారం కూడా ఫోన్లో రికార్డు చేసి అలాగే వినండి. ఫోన్ మీ పక్కన పెడితే మీ వయొలినే వినిపిస్తుంది, ఆరేడు అడుగుల దూరంలో పాడేవారి ముందు పెట్టండి. మీరు వాయించిందల్లా కాదు, పాడేవారి మాట మీ కింద మునిగిన చోట్లు గుర్తుపెట్టుకోండి.

డాబాతో పాటు ఇంకో చోటు ఉంది, మీ ఊళ్లోనే. రామాలయం భజన. ముఖ్యంగా ఏకాహాలు. 24 గంటలు ఒకే నామం, బృందాలు మారుతుంటాయి, వరుసలు మారుతుంటాయి, వేగం మెల్లగా పెరుగుతూ పోతుంది. ఒకే పాదం గంటల తరబడి తిరుగుతుంటే వెంట నడిచే సాధనకు అంతకు మించిన అవకాశం ఉండదు. అర్ధరాత్రి దాటాక మనుషులు తగ్గుతారు, కొత్తవారిని ఆప్యాయంగా కూర్చోబెట్టుకుంటారు. అక్కడ మీకు ఎదురయ్యేది శృతి. మగవాళ్లు చాలామంది 1, 1½, 2 దగ్గర పాడతారు, తీగలు బిగించే బిరడాలు తిప్పే తీరిక ఉండదు. 1½కు మాత్రం తేలిక దారి ఉంది: మీ 5½ శృతి మధ్యమమే వారి షడ్జమం. మీకు శుద్ధ సావేరి వస్తే, దాని స్వరాలే, స రి మ ప ధ, మధ్యమాన్ని ఇల్లు చేసుకుని వాయించండి. అది 1½లో మోహనం అవుతుంది. ఇంట్లో వారానికి రెండు రోజులు తంబురా యాప్ 1½కి మార్చి ఇది సాధన చేయండి. 1కో 2కో పాడుతుంటే మొదట్లో తాళాలు అందుకుని కూర్చోండి, సమం బాగా పట్టుబడుతుంది.

వానాకాలం మన లంకల గాలిలో తేమకు బిరడాలు ఉబ్బి బిగుసుకుంటాయి, ధోలక్ చర్మం వదులై శృతి దిగుతుంది. అరగంట ముందే పెట్టె తెరిచి ఉంచి, వాయించబోయే చోటి గాలికి అలవాటు పడ్డాక శృతి చేయండి, రెండు పాటలకోసారి సరిచూసుకోండి.

నేర్చుకున్నది పాడవుతుందా అని అడిగారు. పాడయ్యేది ఒక్కటే, కమాను ఒత్తిడి. గిటార్, ధోలక్ మోతలో వినబడాలని నొక్కి వాయిస్తే నాదం గరుకు తేలుతుంది, ఆ అలవాటు పాఠంలోకీ వస్తుంది. నొక్కకండి, వాళ్లనే తగ్గించమనండి, లేదా చిన్న పికప్ (వయొలిన్‌కు తగిలించే మైకు) పెట్టుకోండి. ఆదివారం ఉదయం తంబురా మీద ఒక వర్ణం రెండు కాలాల్లో వాయించి చూసుకుంటే తేడా ఏమైనా వచ్చిందో మీకే తెలుస్తుంది. ఇక మాస్టారి దగ్గర ఈ సంగతి దాచకండి. వచ్చే పాఠానికి వెళ్లినప్పుడు, "మాస్టారూ, నాకు వచ్చిన మోహనం కృతిలో పల్లవి ఎత్తుగడకు ఒక్కో ఆవర్తనం స్వరం వేయడం చూపిస్తారా" అని అడగండి.